74 మోడల్ అంబాసిడర్‌కి బొలెరో ఇంజన్: బోనెట్ ఎత్తే ముందు వెనక హౌసింగ్ చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తాతగారు రాజాంలో ఉండగా కొన్న 1974 అంబాసిడర్ మార్క్ 2, సొంత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌తోనే ఇప్పటికీ ఉంది. మీరు విజయనగరంలో ఉంటున్నారు. ఇంటిల్లిపాదీ అరసవల్లి బయల్దేరితే చిలకపాలెం దాటేసరికి వేడి ముల్లు పైకి ఎగబాకింది. సాలూరు దాటాక సుంకి ఘాటీలో రెండో గేరులో కూడా లాగలేదు. ఒక షెడ్డులో చూపిస్తే, "ఈ ఇంజన్ పనైపోయింది, తీసేసి బొలెరో డీజిల్ వేసేద్దాం, పదిహేను రోజుల పని, ఏసీ కూడా పెట్టుకోవచ్చు" అన్నారు. వెయ్యొచ్చా, వేస్తే ఏ ఇంజన్ మంచిది, ఆర్టీవో ఆఫీసులో ఒప్పుకుంటారా అన్నది మీ ప్రశ్న.

నా మాట ముందే చెప్పేస్తాను. బొలెరో ఇంజన్ వెయ్యొద్దు. ఆ ఇంజన్ మంచిది కాదని కాదు. మన ఏజెన్సీ రోడ్ల మీద అంత మొండిగా పనిచేసే ఇంజన్లు తక్కువ. కానీ మీ కారులో ఇంజన్ వెనకాల ఉన్నదంతా, గేరుబాక్సు నుంచి వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య గేర్లుండే పెట్టె), చక్రాల వరకు, యాభై గుర్రాల (హార్స్‌పవర్) లెక్కకి కట్టింది. ఇంజన్ మారిస్తే ఆ లెక్కంతా మార్చాలి. పదిహేను రోజుల్లో అయ్యేది ఇంజన్ కూర్చోబెట్టడం ఒక్కటే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది, దాని గురించి మీకెవరూ చెప్పలేదు.

నేను 1987లో కిరసనాయిలులో సామాన్లు కడిగే కుర్రాడిగా షెడ్డులో చేరాను. ట్యాక్సీ అంబాసిడర్లు పెట్రోల్ నుంచి డీజిల్‌కి మారుతున్న రోజులవి. పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక ఓనర్లు మ్యాటడోర్ ఇంజనో, జీపు డీజిల్ ఇంజనో తెచ్చి మా ముందు దించేవారు. లేతు షాపులో ఇంజన్‌ని గేరుబాక్సుకి కలిపే అడాప్టర్ ప్లేటు తిప్పించి, కొత్త ఫౌండేషన్లు (ఇంజన్ కూర్చునే దిమ్మలు) వెల్డింగ్ చేసి, పాత గేరుబాక్సుకే బిగించి పంపేవాళ్లం. ఆ తర్వాతి ఏళ్లలో వేసిన వేరే ఇంజన్లతో కలిపి పాతిక కార్ల దాకా నా చేతుల మీదుగా నడిచాయి. ఐదేళ్ల తర్వాత కూడా ఓనరు సంతోషంగా నడిపినవి నాలుగో ఐదో. అవెందుకు నిలబడ్డాయో, మిగతావి ఎందుకు షెడ్డుకీ ఇంటికీ మధ్య తిరిగాయో చెప్తే మీకు సగం జవాబు దొరుకుతుంది.

ముందు వెనక వైపు సంగతి. మీ 1489 ఇంజన్ తిప్పే బలం, టార్క్ అంటాం, గట్టిగా వంద న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 2523 సీసీ బొలెరో డీఐ టర్బో 180 దాకా ఇస్తుంది, అదీ 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే. పెట్రోల్ ఇంజన్ మెల్లగా పుంజుకుంటుంది, ఈలోగా చక్రం కదిలిపోతుంది. డీజిల్ టర్బో అలా కాదు. క్లచ్ వదలగానే మొదటి గేరు ఆ బలాన్ని మూడు నాలుగింతలు చేసి తెచ్చి వెనక హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ పళ్ల చక్రాల మీద, వెనక చక్రాలని తిప్పే యాక్సిల్ రాడ్ల మీద పడేస్తుంది. అవి అంత దెబ్బకి చేసినవి కావు.

ఒక సంగతి నేను మర్చిపోలేను. నేను కట్టిన కారే, పెళ్లివారిని నిండా ఎక్కించుకుని గజపతినగరం దగ్గర ఎత్తు మీద ఆగింది. మళ్లీ కదలబోతే కింద నుంచి టప్పున శబ్దం. ఇంజన్ తిరుగుతోంది, గేరు పడుతోంది, కారు మాత్రం కదలదు. వెళ్లి హబ్బు విప్పి లాగితే కుడివైపు యాక్సిల్ రాడ్డు సగమే బయటికి వచ్చింది. విరిగిన ముఖాన్ని గుడ్డతో తుడిచి ఎండలో పెట్టి చూశాను. సగం నల్లగా ఉంది, సగం కొత్త వెండిలా మెరుస్తోంది. నల్లటి సగం ఎప్పుడో పగిలి నూనె, తుప్పు చేరిన భాగం. మెరుస్తున్నది ఆ రోజు తెగింది. అంటే నేను ఆ ఇంజన్ ఎక్కించిన నెలల్లోనే అది లోపల తెగడం మొదలుపెట్టింది, పెళ్లి రోజున పూర్తయింది. పెళ్లికొడుకుని జీపులో పంపించాం. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఎవరైనా పెద్ద ఇంజన్ వెయ్యమని వస్తే ముందు అది తీసి చేతిలో పెడతాను.

బలం సంగతి అలా ఉంచితే, వేగం లెక్క ఇంకొకటి. మీ హౌసింగ్ రేషియో ఎంతో మీరే ఇంటి దగ్గర తెలుసుకోవచ్చు. ముందు చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలపండి, ఉత్త జాకీ మీద మాత్రం వద్దు. హ్యాండ్ బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి వెనక హౌసింగ్‌కి పోయే పొడవాటి రాడ్డు) మీద సుద్దతో ఒక గీత గియ్యండి, టైరు మీద ఒక గీత గియ్యండి. ఇద్దరు మనుషులు రెండు చక్రాలనీ కలిపి ఒకే దిక్కుకి సరిగ్గా ఒక చుట్టు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. నాలుగున్నర చుట్లు తిరిగిందనుకుందాం. మీ 5.90-15 టైరు ఒక చుట్టుకి సుమారు రెండు మీటర్లు పోతుంది. టాప్ గేరులో 80 కిలోమీటర్ల వేగానికి ఇంజన్ దాదాపు మూడు వేల ఆర్‌పీఎం తిరగాలి. పెట్రోల్ ఇంజన్‌కి అది మామూలే. జీపు కోసం చేసిన డీజిల్‌కి అది అరుపు. లోపల కూర్చున్నవాళ్లు మాట్లాడుకోలేరు, బండి కూడా సుఖంగా ఉండదు. నిలబడ్డ ఆ నాలుగైదు కార్లలో ఇంజన్‌తోపాటు దాని ఐదు గేర్ల గేరుబాక్సు, దానికి తగ్గ వెనక హౌసింగ్ కూడా మార్చాం. అంటే మూడో వంతు కారు మార్చినట్టే. ఖర్చు కూడా అంతే, ఇంజన్ కొన్న డబ్బుకి రెండింతలు ఇంజన్ కానివాటికి పోయింది.

గేరుబాక్సు మారితే ఇంకో చిక్కు. మీది స్టీరింగ్ పక్కన రాడ్డుతో వేసే గేరు అయ్యుంటుంది. కొత్త గేరుబాక్సుకి గేరు రాడ్డు నేల మీంచి వస్తుంది. దానికోసం మధ్య సొరంగం (నేల రేకు మధ్యలో పైకి ఉబ్బిన భాగం) గ్యాస్ కటింగ్‌తో కొయ్యాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: అంబాసిడర్‌కి లారీకో జీపుకో ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. ఈ కారుకి మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, అది కూడా ఇలా బాడీయే ఛాసిస్‌గా కట్టిన కారే. నేల రేకు, సొరంగం, తలుపుల కింది పక్క సిల్లులు కలిసి బరువు మోస్తాయి. వాటిలో ఏది కోసినా ఎముక కోసినట్టే. అందులోనూ మనది సముద్రం దగ్గరి ఊళ్ల తేమ. యాభై ఏళ్ల రేకు కింద తుప్పు ఎంత తినేసిందో మ్యాట్ ఎత్తి స్క్రూ డ్రైవరుతో గుచ్చితేగానీ తెలియదు. గుచ్చండి. లోపలికి దిగిపోతే ఇంజన్ సంగతి పక్కన పెట్టి ముందు టింకరింగ్ పని చూసుకోవాలి.

బరువు గురించి షెడ్డుల్లో ఒక పొరపాటు తరచూ చేస్తారు. డీజిల్ ఇంజన్ పెట్టాక ముందు భాగం కిందికి కూర్చుంటుంది. మీ కారుకి ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి కదా, వాటిని బిగించి ఎత్తు లేపేసి "అయిపోయింది" అంటారు. టార్షన్ బారు బిగిస్తే ఎత్తు పెరుగుతుందిగానీ, బారు గట్టితనం పెరగదు. కారు ఎత్తుగా కనిపిస్తుంది, గోతిలో పడితే మాత్రం మునుపటిలాగే అడుగు తగులుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు వేస్తే ముక్కు నేలకి వంగుతుంది.

బ్రేకుల దగ్గర నాకు జాలి ఉండదు. మీ కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, సర్వో (కాలి బలానికి తోడయ్యే పరికరం) లేదు. ఉన్న ఇంజన్‌తో 70లో పోయే కారుని అవి ఆపుతాయి. 100లో పోయే కారుని ఘాటీ దిగేటప్పుడు నాలుగో మలుపు దాటాక ఆపలేవు. డ్రమ్ము వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. ఇది అనుభవించినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంజన్ మార్చేవాడు ముందు డిస్క్ బ్రేకులు, సర్వో పెట్టించాకే ఇంజన్ దించాలి. డీజిల్ వేస్తే సర్వోకి కావాల్సిన వ్యాక్యూమ్ (గాలి పీల్పు) ఇంజన్ మానిఫోల్డ్ నుంచి రాదు, డైనమో వెనక వ్యాక్యూమ్ పంపు ఉండాలి. పాత రోజుల్లో మేం ఇది పట్టించుకోలేదు. నేను పట్టించుకోనందుకు ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. అది నా తెలివి కాదు, దేవుడి దయ.

వణుకు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంజన్ మార్చిన పది కార్లలో ఎక్కువ వాటికి వచ్చే జబ్బు ఇదే, ఎక్కువమందికి దీని మందు తెలియదు. 2004లో ఒక కాంటెస్సా కారు ఇంజన్ అంబాసిడర్‌కి వేశాం. 60 వరకు పువ్వులా పోయేది. 65 దగ్గర సీటు కింద సన్నగా మొదలై, 75కి అద్దం అదిరిపోయేది. టైర్లు బ్యాలెన్స్ చేయించాం. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివర్లా కీళ్లలా ఉండే జాయింట్ క్రాసులు రెండూ మార్చాం. ప్రొపెల్లర్ షాఫ్టు విశాఖ పంపి బ్యాలెన్స్ చేయించాం. అదే వణుకు. రెండు నెలలు ఆ కారు మా షెడ్డు ముందే ఉంది, ఓనరు రోజూ సాయంత్రం వచ్చి ఏమీ అనకుండా నిలబడి వెళ్లిపోయేవారు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ.

చివరికి మా గురువుగారు, అప్పటికి పని మానేశారు, ఒకసారి గోతిలో దిగారు. చేతిలో తాపీమేస్త్రి లెవెల్ బద్ద, ప్రొట్రాక్టరు. గేరుబాక్సు తోక మీద పెట్టి చూశారు, పినియన్ మూతి దగ్గర పెట్టి చూశారు. "ఇది ఆరు డిగ్రీలు కిందకి సూస్తంది, అది రెండే పైకి సూస్తంది. ఏటి బాబూ, రెండూ ఒకలాగుండాల గదా" అన్నారు. ఫ్యాను రేడియేటర్‌కి తగులుతోందని మేమే ఇంజన్ ముందు భాగం అంగుళం లేపాం. దాంతో తోక దిగిపోయింది. గేరుబాక్సు ఫౌండేషన్ కింద దిమ్మ పెట్టి లేపి, ముందు కాస్త దించి, రెండు గీతలూ సమాంతరంగా తెచ్చాం. సాయంత్రానికి 90లో పోనిచ్చినా అద్దం కదల్లేదు. జాయింట్ క్రాసు వంగి తిరిగేటప్పుడు షాఫ్టు ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. రెండో చివర అంతే కోణం ఉంటే ఆ ఊపు రద్దవుతుంది. లేకపోతే కారంతా అదురుతుంది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే కోణం కొలిచే యాప్ ఉంది. ఎవరు ఇంజన్ మార్చినా వెల్డింగ్ చేసే ముందే ఈ రెండు కోణాలూ కొలిచి కాగితం మీద రాయమనండి. రాయనివాడి చేత పని చేయించవద్దు.

ఇక కొత్తరకం కంప్యూటర్ ఇంజన్లు. స్విఫ్ట్ ఇంజన్ వేద్దాం, ఐ10 ఇంజన్ వేద్దాం అనేవాళ్లున్నారు. అవి కారులో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలని తిప్పే ఇంజన్లు. మీది నిలువుగా కూర్చుని వెనక చక్రాలని తిప్పేది. వాటి గేరుబాక్సు మీకు పనికిరాదు. మారుతిలో నిలువుగా కూర్చునేవి జిప్సీ, ఓమ్నీ, ఈకో. జిప్సీ 1298 సీసీ ఇంజెక్షన్ ఇంజన్ వేసి బాగా నడుపుకుంటున్న పాత కార్లున్నాయి. అదైనా ఇంజన్ ఒక్కటీ కొంటే లాభం లేదు. ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), పూర్తి వైరింగ్, తాళంచెవి, పెట్రోల్ పంపు, సెన్సర్లు, ఆక్సిలరేటర్ అన్నీ ఒకే బండివి రావాలి. తాళంలో ఇమ్మొబిలైజర్ (దొంగతనం అడ్డుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న బండి అయితే ఈసీఎం ఆ తాళంచెవినే గుర్తుపడుతుంది, లేకపోతే ఇంజన్ తిరుగుతుందిగానీ అంటుకోదు. పెట్రోల్ ట్యాంకు లోపల తుప్పు ఉంటే మూడు బార్ల ఒత్తిడితో పనిచేసే పంపు వారంలో బిగుసుకుపోతుంది. మీ 74 కారులో బ్యాటరీ ఏ తీగ బాడీకి బిగించి ఉందో కూడా చూడండి. పాతవాటిలో కొన్నింటికి ప్లస్సు బాడీకి ఉంటుంది. అది చూసుకోకుండా ఈసీఎం తగిలిస్తే ఒక్క క్షణంలో కాలిపోతుంది.

అయినా సరే ఇంజన్ మార్చాల్సిందే అంటే నేను ఒప్పుకునేది ఒక్కటి. ఇసుజు 1.8 పెట్రోల్, 1817 సీసీ. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే దాన్ని కాంటెస్సాలో పెట్టారు, 1990ల మొదట్లో అంబాసిడర్‌లోనూ పెట్టారు. అంటే ఈ బాడీకి ఆ ఇంజన్ ఎలా కూర్చోవాలో కంపెనీయే లెక్క కట్టింది. ఫౌండేషన్లు, ఐదు గేర్ల బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ పాత 1800 అంబాసిడర్ నుంచి దించుకోవచ్చు. వెల్డింగ్ తక్కువ, ఊహాగానం అసలు లేదు. నిలబడ్డాయన్న నా నాలుగైదు కార్లలో మూడు ఇవే.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ నా మాట విని నిరుత్సాహపడతారని తెలుసు, అయినా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి ఆర్సీలోని వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి కిట్ ద్వారా మారడానికి షరతులతో దారి ఉంది. పాత ఇంజన్ పాడైతే అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అనుమతితో వేసుకోవచ్చు. వేరే కంపెనీ డీజిల్ ఇంజన్ ఈ రెంటిలో దేని కిందకీ రాదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక ఆర్టీవో కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. ఇసుజు 1.8 కూడా దీన్నుంచి తప్పించుకోదు, సీసీ మారిపోతుంది కాబట్టి. అందుకే ఆర్టీవో ఆఫీసులో ముందు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రాతపూర్వకంగా అనుమతి వస్తేనే స్పానరు పట్టండి. "నాకు తెలిసినవాడున్నాడు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అప్పుడు చూసుకుందాం" అనే మాట నమ్మకండి. ఆర్సీ ఒకటి, ఇంజన్ నంబరు ఇంకొకటి ఉన్న కారుకి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. తుక్కు కొట్లో కొన్న ఇంజన్ దొంగ బండిదైతే పోలీసు స్టేషను మెట్లు కూడా మీరే ఎక్కాలి. బిల్లు, ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం లేకుండా ఏ ఇంజనూ ఇంటికి తేవద్దు.

మీ కారు విషయంలో ఇంకొకటుంది, ఆ షెడ్డువాళ్లు దీన్ని ఆలోచించి ఉండరు. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకి వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. 1974లో రిజిస్టర్ అయిన మీ కారు ఆ వయసు దాటేసింది. ఆ నంబరు తీసుకుంటే రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ వింటేజ్ ర్యాలీలకీ అలాంటి వాటికే. కాబట్టి ఇప్పుడే తీసుకోమనను, మామూలు ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ అరసవల్లి, రామతీర్థం తిరగండి. కానీ మీ పిల్లల కాలానికి ఆ తలుపు తెరిచి ఉండాలి. ఇంజన్ మార్చి సొరంగం కోసిన రోజున అది మూసుకుపోతుంది. నేను మ్యాటడోర్ ఇంజన్లు ఎక్కించిన కార్లలో 60ల నాటి మార్క్ 1లు రెండున్నాయి. అప్పుడు అవి నాకు ఉత్త పాత ట్యాక్సీలు. దించిన పెట్రోల్ ఇంజన్లు తుక్కుకి కేజీల లెక్కన అమ్మాం. ఇవాళ తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

ఇక నేనైతే మీ కారుకి ఏం చేస్తానో చెప్తాను. మీరు రాసిన రెండు లక్షణాలు మళ్లీ చూడండి. ఒకటి, హైవే మీద వేడెక్కుతోంది. రెండు, ఎత్తులో లాగడం లేదు. తొలేళ్ల రోజు (పైడితల్లమ్మ సిరిమానుకి ముందురోజు) సాయంత్రం కోట దగ్గర జనంలో నిలిచిపోతే వేడెక్కే కారుకి ఫ్యాను అనుమానించాలి. రోడ్డు మీద గాలి బాగా తగులుతూ కూడా వేడెక్కే కారుకి రేడియేటర్ పూడిపోయిందేమో, ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడిందేమో చూడాలి. టైమింగ్ వెనకబడితే నిప్పు ఆలస్యంగా అంటుకుంటుంది, పిస్టన్‌ని తొయ్యాల్సిన వేడి సైలెన్సర్‌లోకీ నీళ్లలోకీ పోతుంది. వేడీ, నీరసం రెండూ ఒకే కారణంతో రావచ్చు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి డబ్బీ ఉంటుంది, వ్యాక్యూమ్ అడ్వాన్స్. దాని గొట్టం ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూసి పట్టండి. పట్టు నిలబడాలి, లోపల ప్లేటు కదలాలి. గాలి వచ్చేస్తుంటే లోపలి పొర చిరిగింది. యాభై ఏళ్ల కారులో చిరగకుండా ఉంటేనే ఆశ్చర్యం. డిస్ట్రిబ్యూటర్ లోపల చిన్న బరువులు, అదే అడ్వాన్స్ వెయిట్లు, గ్రీజు గడ్డకట్టి బిగుసుకుపోయి ఉంటాయి. అవి కడిగితే చాలాసార్లు కారు లేచి కూర్చుంటుంది.

ఫ్యాను అన్నాను కాబట్టి ఒక చిన్న మాట. ఎవరైనా కరెంటు ఫ్యాను పెడితే రేడియేటర్ ముందు కాగితం పెట్టి చూడండి, అతుక్కోవాలి. ఒక కారు ఊళ్లో బాగుండి 60 దాటితే ఉడికిపోయేది. ఫ్యానుకి తీగలు తిరగేసి కలిపారు. గాలి వెనక్కి లాగాల్సింది ముందుకి తోస్తోంది, వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలితో కొట్టుకుని రెండూ ఆగిపోయేవి. రెండు తీగలు మారిస్తే తీరిపోయిన జబ్బుకి అప్పటికే కొత్త హెడ్డు గాస్కెట్ రెండుసార్లు వేశారు.

టైమింగ్, రేడియేటర్ సరిచేశాక కూడా లాగకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) చూడాలి. ఇంజన్ పని అయిపోయిందో లేదో చెప్పేది అదొక్కటే, చెవి కాదు. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా 120 పీఎస్‌ఐ పైన ఉంటే ఇంజన్ బతికే ఉంది. ఒకటి పడిపోతే ఆ సిలిండరులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగిపోయింది. మీ ఇంజన్ సీసం పెట్రోల్ కాలంలో పుట్టింది, ఆ సీసమే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లని కాపాడేది. ఇన్నేళ్లలో సీట్లు లోపలికి కుంగి ఉంటాయి. హెడ్డు దించినప్పుడు గట్టి సీట్లు కొట్టించి, కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు వేయించండి. బోరు అరిగితే రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ సెట్టు వెయ్యొచ్చు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది పాత రబ్బర్లని మెత్తబరిచి పీచులా చేస్తుంది. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా గొట్టాలన్నీ, పంపు పొర, అన్నీ ఇథనాల్ తట్టుకునే వైటాన్ రకానివి వేయించండి. కారు నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకులో పెట్రోల్ ఉంచొద్దు, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది.

ఇదంతా చేసినా సుంకి ఘాటీ బొలెరోలా ఎక్కదు. రెండో గేరులో, ముప్పైలో, ముల్లు కదలకుండా ఎక్కుతుంది. తాతగారు కూడా అలాగే ఎక్కి ఉంటారు. ఏసీ మాత్రం ఈ ఇంజన్‌కి పెట్టొద్దు, ఉన్న యాభై గుర్రాల్లోంచి అది చాలా లాక్కుంటుంది.

ఈ ఆదివారం చెయ్యాల్సింది చెప్తాను. మ్యాట్లు ఎత్తి నేల రేకు గుచ్చి చూడండి. వ్యాక్యూమ్ డబ్బీ పీల్చి చూడండి. ఇంజన్ బాగా వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ ఒకేసారి విప్పి, కాయిల్ తీగ తీసి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని కంప్రెషన్ చూపించండి. రేడియేటర్ వైపు ఉన్నది ఒకటో సిలిండరు. నాలుగు అంకెలూ వరసగా, ఆయిల్ పోయకముందు, పోశాక, రెండు వరసలుగా ఇక్కడ రాయండి. వాటిని బట్టి హెడ్డు దించాలో, బోరు దాకా వెళ్లాలో, డిస్ట్రిబ్యూటర్ కడిగితే సరిపోతుందో చెప్తాను.